కోత మలుపూ, అలుకు మలుపూ

అమలాపురం,
జనవరి

అమ్మడూ,

మొన్నటిదాకా చెప్పినట్టు తిరిగిన స్కీలు కశ్మీరులో, ఆ గుల్మార్గ్ కొత్త మంచులో మాట వినడం లేదని ఫోన్లో అన్నావు. నీ కాళ్లలో లోపమేం లేదు. గట్టి మంచు మీద నేర్చిన మలుపును మెత్తటి మంచులో తిప్పబోతున్నావు, అంతే. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకని రాస్తున్నాను. గదిలో కూర్చుని రెండుసార్లు చదువుకో.

యంత్రంతో తొక్కించిన బాట మీద నువ్వు చేసేది కార్వింగ్. దాన్ని కోత అనుకో. స్కీ ముందూ వెనకా వెడల్పు, నడుము దగ్గర సన్నం. పక్కకు వాల్చగానే ఉక్కు అంచు మంచులో దిగుతుంది, స్కీ విల్లులా వంగుతుంది, ఆ వంపు వెంటే కొడవలి తిరిగినట్టు తిరుగుతుంది. ఎంత వాలిస్తే అంత బిగువైన మలుపు. వెనక రెండు సన్నటి గీతలు మిగులుతాయి. అయితే ఇదంతా అంచు ఆనడానికి కింద గట్టిదనం ఉన్నప్పటి మాట.

పొడి మంచులో ఆ గట్టిదనం ఉండదు. డిసెంబర్ 21 నుంచి జనవరి 30 దాకా అక్కడివాళ్లు చిల్లై కలాన్ అనే నలభై రోజుల చలిలో పడే తాజా మంచు ఘనపు మీటరు వంద కిలోలు కూడా తూగకపోవచ్చు. అదే నీళ్లయితే వెయ్యి కిలోలు. అంత తేలిక దాంట్లో అంచుకు పట్టు దొరకదు. అక్కడ నిన్ను మోసేది స్కీ అడుగు. కోటిపల్లి రేవులో పంటు అన్ని బళ్లనీ జనాన్నీ ఎత్తుకుని గోదావరి దాటుతోందంటే దాని వెడల్పాటి అడుగు వల్లే కదా. షేన్ మెక్‌కాంకీ అనే స్కీయరు ఈ సంగతి పట్టుకునే, నీటి మీద జారే స్కీలకు బైండింగులు, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులు, బిగించి అలాస్కా మంచులో దిగాడు. 2000ల తొలినాళ్లలో ఆయన ఆలోచనతో వచ్చిన స్పాచులా స్కీకి నడుమే వెడల్పు, కొనలు సన్నం, రెండు కొనలూ పైకి లేచి ఉండేవి. పొడి మంచు కోసం చేసే ఇప్పటి పౌడర్ స్కీలకు ముందు భాగం అలా లేచి ఉండటం వెనక ఆ పాఠం ఉంది.

కాబట్టి అద్దెకు తీసుకునేటప్పుడు స్కీ మీద అచ్చేసిన మూడు అంకెలు చూడు. 132-100-122 అని ఉంటే మధ్యది నడుము వెడల్పు, మిల్లీమీటర్లలో. ఈ మంచుకి 100 చుట్టుపక్కల ఉన్నది ఇమ్మని అడుగు. 70, 75 ఉన్నవి బాట మీద కోతకు బాగుంటాయి గానీ ఇక్కడ దిగబడతాయి.

ఇక మలుపు. ఇంగ్లీషులో స్మియర్ అంటారు. మనకి అలకడం అంటే ఇంకా బాగా తెలుస్తుంది. నాయనమ్మ పేడతో అరుగు అలికేటప్పుడు అరచెయ్యి చూశావుగా. అంచుతో గీకదు. అరచెయ్యంతా ఆన్చి, అర్ధచంద్రంగా తిప్పుతూ, నెమ్మదిగా ఒత్తిడి పెంచుతుంది. స్కీ అడుగుతో నువ్వు చెయ్యాల్సింది అదే.

ముందు వాలు తక్కువున్న చోట తిన్నగా జారు. పాదాలు మామూలుకన్నా దగ్గరగా, బరువు రెండింటి మీదా దాదాపు సమానంగా ఉంచు. బాట మీద అలవాటైనట్టు బయటి కాలి మీదే బరువు వేశావంటే ఆ స్కీ ఒక్కటే మునిగి, రెండోది తేలి, కాళ్లు విడిపోతాయి. నువ్వు పడిపోతున్నది చాలావరకు ఇందుకే. జారుతూ మోకాళ్లు, చీలమండలు కలిపి రెండు మూడుసార్లు వంచి లే. కింద నుంచి మంచు తిరిగి నెట్టడం తెలుస్తుంది. ఆ నెట్టుడుతో నువ్వు పైకి లేచిన క్షణంలో స్కీలు తేలికవుతాయి. తిప్పాల్సింది అప్పుడు, రెండు పాదాలూ ఒక్కసారే. భుజాలు తిప్పకు. భుజాలు తిరిగితే స్కీలు అవసరానికి మించి అడ్డం తిరిగి ఆగిపోతాయి, నువ్వు మాత్రం కిందికి పోతావు.

స్కీలు నువ్వు పోయే దారికి కొంచెం ఏటవాలుగా, ఇరవై ముప్పై డిగ్రీలు అడ్డం తిరిగితే చాలు. అడుగు దాదాపు చదునుగా ఉంచి, కొండ వైపుకి కాస్త మాత్రమే వాల్చి, మెల్లగా కిందికి ఒత్తు. అడుగున మంచు పోగై వేగం తగ్గుతుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంత సేపు ఒత్తాలి. ఒక్కసారిగా తొక్కితే దిగబడతావు. ఎక్కువ వాల్చితే అలుకు పోయి కోత వస్తుంది, స్కీలు తిన్నగా పరుగెడతాయి. పల్లం వైపు వాలితే ఆ అంచు మంచులో దూరి నిన్ను తల్లకిందులు చేస్తుంది.

మెత్తటి మంచులో వెనక్కి వాలి కూర్చోమని ఎవరైనా చెబితే వినకు. దమ్ము చేసిన చేలో చదును బల్ల మీద నిలబడే మనిషిని గుర్తు తెచ్చుకో. ముందుకు ఒరిగితే బల్ల ముక్కు బురదలో గుచ్చుకుంటుంది, మరీ వెనక్కి పోతే ముందు భాగం లేచి చదును చెయ్యదు. స్కీ కూడా అంతే. వెనక్కి కూర్చుంటే ముందు కొనలు నీ మాట వినవు, తొడలు పది మలుపులకే మండిపోతాయి. పాదం మధ్యన నిలబడు, చేతులు ముందుకు కనబడేలా పెట్టుకో.

భయంతో వేగం చంపుకోకు. తేలేది వేగం వల్లే. మెల్లగా పోతే మునుగుతావు, మునిగిన స్కీ తిరగదు.

ఆగి వెనక్కి చూసుకో. మలుపు కింది సగంలో జాడ విసనకర్రలా వెడల్పైతే అలికినట్టు. సన్నగా ఉంటే కోసినట్టు. కోత తప్పని కాదు. వాలు విశాలంగా, ఎదర ఖాళీగా ఉంటే పెద్ద పెద్ద మలుపులకు స్కీలను వాల్చి వంచి పోవచ్చు, ఆ తేలుడు చాలా బాగుంటుంది. కానీ వేగాన్ని నీ చేతిలో పెట్టేది అలుకు, అందుకే అది ముందు రావాలి. గాలికో ఎండకో పైన పొర గట్టిపడిన మంచులో మాత్రం అలకబోకు. పక్కకు జారే స్కీని ఆ పెంకు పట్టేస్తుంది. అలాంటి చోట వదిలేసి బాటకు వచ్చెయ్.

పడితే, స్కీలను పల్లం వైపుకి, వాలుకు అడ్డంగా తెచ్చుకుని, రెండు చేతికర్రలూ గుణకారం గుర్తులా మంచు మీద పరిచి, కలిసిన చోట చెయ్యి ఆన్చి లే. ఒట్టి చేత్తో నొక్కితే మోచేతి దాకా దిగుతుంది. స్కీ ఊడి కనబడకపోతే నువ్వు పడిన చోటికి ఎగువన వెతుకు. నువ్వు ఇంకా కిందికి దొర్లి ఉంటావు, అది అక్కడే ఆగి ఉంటుంది. ఒకటిన్నర మీటర్ల ఎర్ర రిబ్బను బైండింగుకి కట్టి ప్యాంటు లోపలికి దోపుకుంటే ఆ వెతుకులాట తప్పుతుంది.

గండోలా, అదే ఆ తీగబండి, రెండో దశ ఎక్కి అఫర్వత్ కొండ మీదికి ఈ వారం పోకు. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలులోనే హిమపాతాలు ఎక్కువగా విరిగి పడతాయి, కొత్త మంచు పడిన మర్నాడు మరీను. మంచులో కూరుకుపోయినవాళ్లని సంకేతంతో పట్టిచ్చే ట్రాన్సీవరు, మంచులో గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ ప్రోబు, పార నీ దగ్గరా నీతో వచ్చేవాళ్ల దగ్గరా ఉండి, వాటిని వాడటం వచ్చి, ఆ రోజు హెచ్చరిక చూశాకే అటు మాట. కింద, గండోలా మొదటి దశ ఆగే కొంగ్‌డూరి నుంచి దిగే తేలికపాటి వాలులో ఈ మలుపు చాలినంత నేర్చుకోవచ్చు.

రాత్రి బూట్ల లోపలి మెత్త బయటికి తీసి ఆరబెట్టు. గదిలోని బుఖారీ పొయ్యికి మరీ దగ్గరగా పెట్టకు.

మీ నాన్న