మంచు తోసే డ్రైవరు కూడా వార్తే

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో ఆర్కిటిక్ పరిశోధనల మీద వచ్చిన వ్యాసం చదివాను. నేను ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో ఒక పరిశోధన సంస్థ సిబ్బంది విభాగంలో పనిచేస్తున్నాను. తెలుగులో ఈ ప్రాంతం ఊసు అరుదు కాబట్టి, కనిపిస్తే చివరి అక్షరం దాకా వదలను. ముందుగా ఒక చిన్న సవరణ. ‘ఉత్తర ధ్రువంలో మన హిమాద్రి’ అని శీర్షిక పెట్టారు. భారతదేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రమైన హిమాద్రి ఉన్నది నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని నీ-ఓలెసుండ్ అనే ఊళ్లో, 78 డిగ్రీల 55 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద. అక్కడి నుంచి ధ్రువానికి ఇంకా 1,200 కిలోమీటర్ల పైమాటే. శీర్షిక రాసినవారు ఆ దూరాన్నంతా ఒక్క కలం పోటుతో దాటించేశారు.

నా అసలు ఫిర్యాదు అది కాదు. వ్యాసంలో మంత్రి ఉన్నారు, జెండా ఉంది, శాస్త్రవేత్తలు ఉన్నారు, హిమానీనదాలు ఉన్నాయి. ధ్రువపు ఎలుగుబంటి ఫోటో అర పేజీ ఉంది. ఆ ఊళ్లో కరెంటు ఎవరు ఇస్తున్నారు, అన్నం ఎవరు పెడుతున్నారు, పరికరాల మీద పేరుకున్న మంచు ఎవరు దులుపుతున్నారు అన్న సంగతి ఒక్క వాక్యంలోనూ లేదు.

నీ-ఓలెసుండ్‌లో పది దాకా దేశాల సంస్థలు పనిచేస్తాయని రాశారు, నిజమే. కానీ ఊరంతటికీ వంటశాల ఒక్కటే. డీజిల్‌తో నడిచే విద్యుత్ కేంద్రం ఒక్కటే, విమానం దిగే చోటూ ఒక్కటే. ఇవన్నీ చూసుకునేది కింగ్స్ బే అనే నార్వే ప్రభుత్వ కంపెనీ. హిమాద్రి ఉన్న భవనం కూడా ఆ కంపెనీ అద్దెకిచ్చినదే. చలికాలంలో ఊరి జనాభా ముప్పైకి అటూ ఇటూ. అందులో పరిశోధకుల కంటే వడ్రంగి, మెకానిక్కు, వంటవారు, ఎలక్ట్రీషియన్ లాంటివారే ఊరికి ఎక్కువ అవసరం. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా సూర్యుడు దిగంతం దాటి పైకి రాడు. ఆ చీకట్లో విద్యుత్ కేంద్రం ఆగితే అన్ని జెండాల కిందా పరిశోధన ఒకేసారి ఆగుతుంది.

ఊరి వెనక జెప్పెలిన్ కొండ మీద, 474 మీటర్ల ఎత్తున ఒక పరిశోధనశాల ఉంది. అది నార్వే ధ్రువ పరిశోధన సంస్థ అయిన పోలార్ ఇన్‌స్టిట్యూట్‌ది. బొగ్గుపులుసు వాయువు, మీథేన్, గాలిలో తేలే సన్నటి ధూళి కణాలు అన్నిటినీ అక్కడ 1990 ప్రాంతం నుంచి ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ కొలుస్తున్నారు. ప్రపంచ వాతావరణ చర్చల్లో ఆ అంకెలకు మంచి గౌరవం ఉంది. వాటి వెనక రోజువారీ పని ఏమిటంటే, ఆ సంస్థ ఇంజినీర్లు వంతులవారీగా కేబుల్ కారులో పైకి వెళ్లి, వడపోత కాగితాలు మార్చి, పంపులు చూసి, కిందికి రావడం. ఒక ఇంజినీరు కొన్నేళ్లు చేసి వెళ్లిపోతాడు, ఇంకొకరు వస్తారు. ముప్పై ఏళ్లకు పైబడిన కొలతల వరస తెగకుండా నిలిచిందంటే, ఆ అప్పగింతలు సవ్యంగా జరిగాయన్నమాట.

ఇక్కడ నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. మా సంస్థలో వారం వారం ఒక లోపలి వార్తాలేఖ వస్తుంది. దాన్ని తయారుచేసేది నేనే. ఎవరు చేరారు, ఎవరు వెళ్తున్నారు, ఎవరు ఎవరికి పని అప్పగించారు, ఏ వర్క్‌షాపు తాళం ఎవరి దగ్గరుంది, ఇవే అందులో ఉండేవి. జనవరి 21 వస్తే, ట్రోమ్సోకు సూర్యుడు తిరిగొచ్చిన రోజని అందరం తీపి బన్నులు తింటున్న ఫోటో ఒకటి. బయటివారికి ఇందులో పస కనిపించదు.

కొన్నేళ్ల కిందట మా శాస్త్రవేత్త ఒకాయనకు పాత గాలివేగం కొలతల్లో ఒక చిక్కు ఎదురైంది. ఒక శరదృతువు నుంచి ఒక కేంద్రంలో గాలి ఉన్నట్టుండి నెమ్మదించింది, మళ్లీ పుంజుకోలేదు. చుట్టుపక్కల కేంద్రాల్లో ఆ తగ్గుదల లేదు. పరికరం దస్త్రాలు తిరగేశాడు, ఏమీ దొరకలేదు. ఆ రోజుల్లో అక్కడ ఎవరు పనిచేశారో చెప్పమని మా విభాగానికి వచ్చాడు. నేను చేరకముందు నాటి వార్తాలేఖల కట్టలు బీరువా అడుగున ఉంటే తీసి ఇద్దరం కూర్చున్నాం. వంటావిడ పదవీ విరమణ, ఆమెకు కోసిన కేకు, ఆ కేకు కింద రెండు వాక్యాలు: మంచు తోసే వాహనం డ్రైవరు పట్టుబట్టడంతో గాలి కొలిచే స్తంభాన్ని కొత్త గ్యారేజీ వెనక్కి మార్చాం. ఇకనైనా ఆయన మనల్ని తిట్టడం మానుతాడని ఆశిస్తున్నాం.

ఆ గ్యారేజీ గోడే గాలిని అడ్డుకుంది! స్తంభం బాధ్యత చూసే సాంకేతిక ఉద్యోగి అప్పుడు బిడ్డ పుట్టిన తండ్రికి ఇచ్చే సెలవులో ఉన్నాడు. (ఈ దేశంలో పూర్తి జీతంతో తీసుకుంటే ఇప్పుడు తండ్రి వాటా 15 వారాలు. మగవాళ్లు ఆ సెలవు తీసుకోవడం చూసి ఎవరూ నవ్వరు.) ఆయన స్థానంలో తాత్కాలికంగా వచ్చినవాడు స్తంభం మార్చిన సంగతి దస్త్రంలో ఎక్కించలేదు. ఎక్కించాలని అతనికి చెప్పినవారూ లేరు. కేకు కింది ఆ రెండు వాక్యాలు లేకపోతే, ఆ గాలి తగ్గుదలకు ఎవరో ఒకరు ఈపాటికి సిద్ధాంతం రాసి ఉండేవారు.

ఇంత జరిగాక కూడా, ఈ మధ్య ప్రచార వ్యవహారాల సలహాదారులు మా వార్తాలేఖ చూసి పెదవి విరిచారు. రాకపోకలు, సెలవులు, తాళాలు ఎందుకు, సంస్థ సాధించిన విజయాలు వేయమన్నారు. మీ ఆదివారం వ్యాసం వారికి చూపిస్తే ముచ్చటపడేవారు.

చిత్రం ఏమిటంటే, నీ-ఓలెసుండ్‌లో మామూలు కార్మికుల గురించి నార్వే అంతా మాట్లాడుకున్న సందర్భం ఒకటుంది. అప్పుడది బొగ్గు గనుల ఊరు. 1962 నవంబరు 5న గనిలో జరిగిన పేలుడులో 21 మంది చనిపోయారు. భద్రత మీద ప్రభుత్వం చూపిన అలసత్వం పార్లమెంటులో చర్చకు వచ్చి, 1963లో ప్రధాని గెర్హార్డ్‌సెన్ ప్రభుత్వం పడిపోయింది. గని మూతపడింది. చనిపోతేనే వార్త అయ్యే పద్ధతి అన్ని దేశాల్లోనూ ఉన్నదే అనుకోండి.

పోలార్ ఇన్‌స్టిట్యూట్ చరిత్ర గురించి ఒక పేరా రాశారు. 1998లో అది ఓస్లో నుంచి ట్రోమ్సోకు మారిందని అందులో ఉంది. అంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి, నవంబరు చివరి నుంచి జనవరి నడిమి దాకా సూర్యుడు కనిపించని ఊరికి. సంస్థను మార్చడానికి పార్లమెంటు తీర్మానం చాలు. భార్య ఉద్యోగం, పిల్లల బడి, ముసలి తల్లిదండ్రులు ఓస్లోలో ఉన్న గుమాస్తాకు అది జీవితంలో అతి పెద్ద నిర్ణయం. మీ పేరాలో మారింది భవనం ఒక్కటే. అదే సంస్థ అంటార్కిటికాలో ట్రోల్ కేంద్రాన్ని 2005 నుంచి ఏడాది పొడవునా నడుపుతోంది. అక్కడ చలికాలమంతా ఉండేది ఆరుగురు. ఆరుగురిలో ఒకరికి పంటినొప్పి వస్తే అదే ఆ ఖండంలో వారికి ఆ వారపు పెద్ద వార్త.

ఇదంతా మన పత్రికకు ఎందుకంటారేమో. 2023 డిసెంబరు నుంచి భారతదేశం హిమాద్రికి చలికాలంలో కూడా బృందాలను పంపుతోంది. మొదటి జట్టులో వెళ్లింది నలుగురే. అంత చిన్న జట్టులో పరికరం బాగుచేసేవాడు, మంచు దులిపేవాడు, రాత్రి అలారం మోగితే లేచి వెళ్లేవాడు ఆ పరిశోధకుడే అవుతాడు. ఆ ఊళ్లో కొన్ని రకాల రేడియో తరంగాలకు నిషేధం ఉంది. భూమి కదలికలను కొలిచే పెద్ద రేడియో దూరదర్శినులకు అడ్డు రాకూడదని వైఫై, బ్లూటూత్ ఆపేస్తారు. 

అందుకని మీ విలేకరికి నా విన్నపం. వచ్చే చలికాలపు జట్టు బయలుదేరేముందు గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రాన్ని ఇవి కూడా అడగమనండి. పాత జట్టు, కొత్త జట్టు ఒకేచోట కలిసి ఎన్ని రోజులు పనిచేస్తాయి? అప్పగింత నోటిమాటతోనా, రాతపూర్వకంగానా? తిరిగొచ్చాక ఆ కుర్రవాళ్లకు ఉద్యోగం ఉంటుందా, ఒప్పందం ముగుస్తుందా? జవాబులు వస్తే ఎలుగుబంటి ఫోటోను పావు పేజీకి కుదించి అయినా వేయండి.

— మీ పాఠకురాలు, ట్రోమ్సో, నార్వే