రేడియోకు బంగారు రంగు ఎవరు పూయమన్నారు?

మేనేజర్ గారికి,
గృహాలంకరణ విభాగం.

విషయం: ఆర్ట్ డెకో శైలిలో హాలు అలంకరణకు కుదిరిన ఒప్పందాన్ని పాటించకపోవడం, నా సొంత రేడియోను పాడుచేయడం.

ఆర్యా,

మా హాలును ఆర్ట్ డెకో శైలిలో, అంటే 1920లు, 30ల నాటి తీరైన గీతలు, కోణాల అలంకరణ పద్ధతిలో, తీర్చిదిద్ది ఇస్తామని మీ సంస్థ ఒప్పుకొంది. ఆరు వారాల పని పదకొండు వారాలు సాగింది. ఈ లేఖ రాస్తున్నది ఆలస్యం గురించి కాదు. చెక్కపని అన్నాక ఆలస్యం అవుతుందని నాకు తెలుసు. పోయిన ఆదివారం మీ మనుషులు తాళాలు అప్పగించి వెళ్లాక గదిలో అడుగుపెడితే, అన్నిటికంటే ముందు మా తాతగారి రేడియో కంటబడింది. దానికి నిలువునా బంగారు రంగు పూసి ఉంది.

ఆ రేడియో సంగతి మీ డిజైనర్‌కు బాగా తెలుసు. మొదటి రోజే దాన్ని ఆమెకు చూపించాను. ముదురు గోధుమ రంగు బేకలైట్ (తొలినాటి ప్లాస్టిక్) పెట్టె, గుండ్రటి భుజాలు, ముందువైపు అడ్డంగా మూడు గాడులు, ఉదయించే సూర్యుడిలా అర్ధవృత్తాకారపు డయల్. ఈ గదిలో ఏది పెట్టినా దీని పక్కన నిలబడి సిగ్గుపడకుండా ఉండాలని అన్నాను. ఆమె రాసుకున్నారు కూడా. మా ఇంట్లో అచ్చమైన ఆర్ట్ డెకో వస్తువు అదొక్కటే. మీరు చేతికి అందినంత మేరా మార్చేసిందీ దాన్నే.

మీ సూపర్‌వైజర్‌ను అడిగితే, “ఆర్ట్ డెకో అంటే వైభవం, వైభవం అంటే బంగారమే కదండీ, మిగతా గదితో కలవాలని పూశాం” అన్నారు. రంగు పట్టాలని ముందుగా ఉప్పుకాగితంతో రుద్దామని కూడా చెప్పారు. అది చెప్పకపోయినా బాగుండేది. పై రంగును ఎలాగోలా తుడిచేయవచ్చని అప్పటిదాకా ఆశ ఉండింది. బేకలైట్ 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన పదార్థం. అచ్చులో వేడికీ ఒత్తిడికీ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. అలాంటి పెట్టెల్లో చాలావాటి పదార్థంలో చెక్కపొడి కలిపి ఉంటుంది. అద్దంలా మెరిసేది పైనున్న పల్చటి పొర మాత్రమే. ఆ పొర అరిగితే కింద బయటపడేది గరుకుగా, వెలిసిపోయినట్టు ఉంటుంది. మా రేడియో ఎడమ భుజం మీద బంగారు రంగును జాగ్రత్తగా తీసి చూశాను. సరిగ్గా అలాగే ఉంది. ఎనభై ఏళ్లకు పైగా చెక్కుచెదరని మెరుపును మీరు ఒక్క మధ్యాహ్నంలో గీకి పారేశారు.

ఇక గోడ సంగతి. సోఫా వెనుక గోడకు సూర్యకిరణాల పలక అమరుస్తామని మీరే నమూనా గీసి ఇచ్చారు. అర్ధవృత్తంలో పన్నెండు ముక్కలు, ఒక్కొక్కటి 15 డిగ్రీలు, అన్నింటి మొనలూ కింద ఒకే చుక్కలో కలవాలి. పదార్థం అసలైన చెక్క వెనీర్ (దుంగ నుంచి తీసిన పల్చటి పొర) అని ఒప్పందం రెండో పేజీలో ఉంది. ఆ నమూనా చూసే నేను సంతకం పెట్టాను. ఒకే దుంగ నుంచి వరుసగా తీసిన పల్చటి పొరలను, పుస్తకం పేజీలు తెరిచినట్టు పక్కపక్కన పరిస్తే, ఒక ముక్కలోని చార పక్క ముక్కలో ప్రతిబింబంలా కొనసాగుతుంది. కిరణాలకు కదలిక వచ్చేది అక్కడే. ఆ కాలపు ఫ్రెంచ్ వడ్రంగులకు, ముఖ్యంగా రూల్‌మన్ కార్యశాలకు, పేరు తెచ్చింది ఇలాంటి పనే.

గోడకు ఉన్నది లామినేట్. అంటే చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితం. నేను కనిపెట్టలేననుకున్నారేమో గానీ, మూడో ముక్కలో ఉన్న ముడే ఏడో ముక్కలో, పదో ముక్కలో అదే ఎత్తులో ఉంది. అసలైన వెనీర్‌లో అయితే ముడి పక్కపక్క ముక్కల్లో కొద్దికొద్దిగా మారుతూ సాగాలి, మధ్యలో మాయమై మళ్లీ అచ్చం అలాగే రాదు. కోణమాపకం పెట్టి కొలిస్తే ఒక కిరణం 17 డిగ్రీలు, దాని పొరుగుది 13. మొనలు కలవలేదు కాబట్టి ఆ చోట ఒక ఇత్తడి బిళ్ల అతికించారు. నమూనాలో బిళ్ల లేదు. అది అలంకారం కాదు, తప్పుకు వేసిన మూత.

నేలదీ అదే వరస. చెక్క పలకలను చెవ్రాన్ పద్ధతిలో పరచమంటే హెరింగ్‌బోన్ పద్ధతిలో పరిచారు. రెండూ ఒకటేనని మీ మేస్త్రీ వాదించారు, ఒకటి కాదు. చెవ్రాన్‌లో ప్రతి పలక కొసనూ ఏటవాలుగా కోస్తారు. ఎదురెదురు పలకల కొసలు ఒకే గీత మీద కలుస్తాయి, ఆ గీత గది ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా సాగుతుంది. హెరింగ్‌బోన్‌లో పలకలు మామూలు దీర్ఘచతురస్రాలు. ఒకదాని కొస ఇంకొకదాని పక్కకు తగులుతూ మెట్లుమెట్లుగా పోతుంది. ఒకటి బారులు తీరిన బాణం మొనలు, రెండోది చాప అల్లిక. హెరింగ్‌బోన్ చెడ్డదని నేను అనడం లేదు, రోమన్ల కాలం నుంచీ ఉన్న పద్ధతి అది. కానీ నా నేల మీద గీతలన్నీ ఆ కిరణాల మూలం వైపు నడవాలని మీ నమూనాలోనే ఉంది. కొసలు ఏటవాలుగా కోస్తే పలక వృథా అవుతుంది, పని పెరుగుతుంది. కారణం అదేనని నాకు అర్థమైంది. ధర మాత్రం చెవ్రాన్‌కే తీసుకున్నారు.

భోజనాల బల్ల దగ్గర అతికించిన గోడకాగితం చూసి మొదట నవ్వొచ్చింది. కలువలు, లతలు, కొరడాలా మెలికలు తిరిగే కాడలు. ఇది ఆర్ట్ నూవో. 1890 నుంచి 1910 దాకా వెలిగిన శైలి. ఆర్ట్ డెకో దాని తర్వాత వచ్చింది, చాలావరకు ఆ మెలికలను వదిలించుకుంటూ వచ్చింది. డెకోలో పూలు లేకపోలేదు, అయితే అవి వృత్తలేఖినితో గీసినట్టు ఉంటాయి. 1925లో పారిస్‌లో జరిగిన అలంకరణ కళల ప్రదర్శన నుంచే ఈ శైలికి పేరు వచ్చింది. పాత శైలుల నకళ్లకు ఆ ప్రదర్శనలో అసలు ప్రవేశమే లేదు. మీ డిజైనర్ మాత్రం “రెండూ పాతకాలంవేగా” అని తేల్చేశారు.

బంగారం గురించి ఇంకొక్క మాట. న్యూయార్క్‌లో 1930లో పూర్తయిన క్రైస్లర్ భవనం శిఖరం ప్రపంచంలో అందరికీ తెలిసిన ఆర్ట్ డెకో సూర్యకిరణాల రూపం. అది తుప్పుపట్టని ఉక్కు. ఒకదానిపై ఒకటిగా తగ్గుతూ పోయే వంపులు, వాటిలో త్రికోణపు కిటికీలు, అంతే. వైభవమంతా లెక్క తప్పని ఆ కొలతల్లో ఉంది. దయచేసి మీ సూపర్‌వైజర్‌కు ఆ ఫోటో ఒకటి చూపించండి.

దీపాల విషయం చిన్నదే. వెలుగును పైకప్పు మీదకు చిమ్మాల్సిన గోడదీపాలను తలకిందులుగా బిగించారు, కుర్చీలో కూర్చుంటే కళ్లలో గుచ్చుకుంటున్నాయి. తిప్పి బిగిస్తే సరిపోతుంది.

బాగున్నదాన్ని బాగుందని చెప్పాలి. పైకప్పు అంచున మూడు మెట్లుగా దిగే ప్లాస్టర్ పని చేసిన పెద్దాయన చేయి తిరిగిన పనివాడు. నాలుగు మూలలూ కొలిచాను, వెంట్రుకవాసి తేడా లేదు. ఆయనను ఎవరూ తొందరపెట్టినట్టు లేరు. మిగతావారికి కూడా ఆ వీలు ఇచ్చి ఉంటే ఈ లేఖ ఉండేది కాదు.

నా రాతపూర్వక అంగీకారం లేకుండా నమూనాను గానీ పదార్థాన్ని గానీ మార్చకూడదని ఒప్పందంలో ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. కాబట్టి గోడ పలకను తీసి అసలు వెనీర్‌తో, నమూనాలోని కోణాలతో మళ్లీ చేయాలి, ఇత్తడి బిళ్ల లేకుండా. నేలను చెవ్రాన్‌గా మార్చాలి. వీలు కాదంటే ధరలో తేడాతో పాటు తీసి పరిచే ఖర్చు కూడా వెనక్కి ఇవ్వాలి. గోడకాగితం తొలగించి, గోడను లప్పం పెట్టి నునుపు చేసి వదిలేస్తే చాలు, కొత్త కాగితం నేనే ఎంచుకుంటాను. రేడియోకు జరిగిన నష్టాన్ని పాత రేడియోలు బాగుచేసే నిపుణుడి చేత లెక్కకట్టించి, ఆ మొత్తం చెల్లించాలి. చివరి విడత కింద ఇవ్వాల్సిన 30 శాతం డబ్బు ఇవన్నీ పూర్తయ్యేదాకా నా దగ్గరే ఉంటుంది. ఈ లేఖ అందిన 21 రోజుల్లో పని ఎప్పుడు మొదలుపెడతారో తేదీలతో రాసి పంపండి. లేకపోతే నమూనా, ఒప్పందం, కొలతలు, ఫోటోలు పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ఫోటోల ప్రతులు దీనితో జతచేశాను. మూడు ముడులనూ ఎర్ర సిరాతో చుట్టాను.

మీ మనుషులు ఏ రోజైనా ఉదయం తొమ్మిది తర్వాత రావచ్చు. రేడియో మాత్రం ఆ గదిలో ఉండదు. పడకగది అలమారలో పెట్టి తాళం వేశాను.

ఇట్లు,
మీ ఖాతాదారు