సత్తిగాడికి, ఒక రేవు కథ

ఒంగోలు
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ సత్తీ,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువుకో. నీ ఉత్తరానికి ఎప్పుడో జవాబు రాయాల్సింది, కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పడింది. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. చిన్నదానికి ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. మేడ మీద గది పూర్తి కాలేదు, మేస్త్రీ ఫోన్ ఎత్తడు. వార్తలు ఇంతే, మిగతావి నువ్వొచ్చినప్పుడు.

ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. మా ఆవిడకి సగం చెప్పేసరికి పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్ళింది. ఏమీ మాడట్లేదు, నేను చూశాను.

మా పెద్దమామ ఎద్దుల పిచ్చి నీకు తెలిసిందేగా. హాల్లో కూతురి పెళ్ళి ఫొటో అరచెయ్యంత, బండలాగుడులో గెలిచిన గిత్తల ఫొటో గోడంత. ఆయన ఈమధ్య ఫోన్లో బ్రెజిల్ ఒంగోలు ఆబోతుల వీడియోలు చూస్తున్నాడు. వాళ్ళు నెలోర్ అంటారు వాటిని. కొండల్లా ఉన్నాయి. చూసి చూసి ఒకరోజు, "వాసూ, అవి మన ఇంటివేగా, కాస్త వీర్యం తెప్పిద్దాం, దానికేం కాగితాలు కావాలో కనుక్కో" అన్నాడు. పశువుల డాక్టరు అల్లుడుంటే ఇలాంటి తిప్పలే.

కనుక్కున్నాను. శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్ కావాలి. ఆ పర్మిట్ వెనక ఉన్న చట్టం ఏ సంవత్సరానిదో తెలుసా? 1898. లైవ్‌స్టాక్ ఇంపోర్టేషన్ యాక్ట్, ఆ ఏడాది తొమ్మిదో చట్టం. విక్టోరియా రాణి ఇంకా బతికే ఉంది! 2001లో దానికి ఒక సవరణ చేసి మాంసం, పాలు, గుడ్లు, వీర్యం, పిండాలు కూడా చేర్చారు. అంతే, మూలం మాత్రం అదే. కాలేజీలో ఈ పేరు ఒకసారి విన్నట్టున్నాం, మనం ఆ క్లాసులో వెనక బెంచీలో ఏం చేస్తున్నామో నీకు గుర్తుండే ఉంటుంది.

సరే అని దాన్ని తీసి చదివాను. మొదట రాసిన రూపంలో ఐదే సెక్షన్లురా. రోగం ఉందని అనుమానం ఉన్న పశువుల్ని దేశంలోకి రాకుండా ఆపొచ్చు, షరతులు పెట్టొచ్చు. పశువులంటే గుర్రాలు, ఆవులూ ఎద్దులూ, ఒంటెలు, గొర్రెలు, కావాలంటే నోటిఫికేషన్ ఇచ్చి ఇంకేవైనా కలుపుకోవచ్చు. వాటిని ఒక్కటే కాదు, వాటితో పాటు వచ్చే మేత, పేడ, కింద పరిచిన గడ్డి, మీద కప్పిన గుడ్డలు, జీను సామాను, అన్నీ. ఆపి ఉంచొచ్చు, తనిఖీ చెయ్యొచ్చు, శుద్ధి చెయ్యొచ్చు, నాశనం కూడా చెయ్యొచ్చు. రూలు తప్పితే వెయ్యి రూపాయల దాకా జరిమానా. ఆ కాలపు వెయ్యి! చివరి సెక్షన్ ఏమిటో నువ్వే ఊహించగలవు: సదుద్దేశంతో పని చేసిన అధికారి మీద కేసు వెయ్యకూడదు. ప్రభుత్వం ఏది మర్చిపోయినా అది మర్చిపోదు.

'మీద కప్పిన గుడ్డలు' అన్నచోట నాకు నవ్వాగలేదు. హాస్టల్లో నీకు అమ్మవారు పోసినప్పుడు వార్డెన్ చేసింది అచ్చం ఇదే కదరా! నిన్ను వెనక షెడ్డులో పడేసి, నీ చాపా దుప్పటీ తగలబెట్టించాడు. ఆ దుప్పటి మడతలో ఏముందో మనిద్దరికే తెలుసు. ఇక్కడ రాయను, ఈ ఉత్తరం చెల్లెమ్మ కూడా చదువుతుంది.

నవ్వు అయ్యాక మళ్ళీ మొదటికి వెళ్ళి ఏ రోగాలు రాశారో చూశాను. పిడుదుల తెగులు, దొమ్మ (ఆంత్రాక్స్), గ్లాండర్స్, ఫార్సీ, గజ్జి. అంతే. "ఇంకేదైనా రోగాన్ని నోటిఫికేషన్ ద్వారా చేర్చవచ్చు" అని ఉందనుకో. కానీ ఆ పేర్లలో ఏది లేదో చూశావా?

ముసర రోగం లేదు. రిండర్‌పెస్ట్!

మన రైతు కొట్టాలు ఖాళీ చేసిన రోగం అది. నోట్లో పుళ్ళు, ఆగని పారుడు, వారం పది రోజుల్లో ఎద్దు నేల మీద. వస్తే ఊరంతా అమ్మవారికి మొక్కుకోవడం తప్ప ఇంకో దారి ఉండేది కాదు. ప్రభుత్వానికి తెలియదా అంటే, బాగా తెలుసు. 1871లోనే హాలెన్ అనే సైనిక పశువైద్యుడి కమిషన్ దేశంలోని పశువుల తెగుళ్ళ మీద పెద్ద రిపోర్టు ఇచ్చింది. 1889లో పూనాలో ల్యాబ్ పెట్టారు, తర్వాత దాన్ని హిమాలయాల్లో ముక్తేశ్వర్‌కి మార్చారు. చట్టం వచ్చిన మరుసటి ఏడాదికి అక్కడ ముసర రోగానికి సీరం తయారవుతోంది కూడా. అయినా రేవు దగ్గర చట్టంలో దాని పేరు లేదు. నాకు తోచింది ఇది: అది బయటి నుంచి వచ్చేది కాదు, ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఉన్నదానికి ఓడరేవులో కాపలా ఏం పెడతారు?

ఉన్న పేర్లని బట్టి చూస్తే భయం దేని గురించో నాకు అర్థమవుతోంది. గ్లాండర్స్, ఫార్సీ రెండూ గుర్రాల రోగాలు, నిజానికి ఒకే సూక్ష్మజీవి చేసే రెండు రూపాలు. ముక్కులో అయితే గ్లాండర్స్, చర్మం మీద పుళ్ళయితే ఫార్సీ. నీళ్ళ తొట్టి నుంచి, జీను నుంచి అంటుకుంటుంది, మనిషికి కూడా వస్తుంది. సైన్యానికి గుర్రాలు ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వచ్చేవి, న్యూ సౌత్ వేల్స్ నుంచి వస్తాయి కాబట్టి వేలర్లు అనేవాళ్ళు. మద్రాసు రేవులోనూ తెగ దిగేవి. అదే ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్‌లో, 1890లలో పిడుదుల జ్వరంతో పశువులు కుప్పలుగా చచ్చాయి. కడుపు నిండిన పిడుదు గడ్డిలోకి రాలి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది, మరి కింద పరిచిన గడ్డిని చట్టంలో రాయక ఏం చేస్తారు? దొమ్మ సంగతి నీకు చెప్పక్కర్లేదు, దాని బీజాలు మట్టిలో ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటాయి. ఆ జాబితా రాసినవాడు మూర్ఖుడు కాదురా. అతని కళ్ళు మాత్రం అశ్వదళం గుర్రపుశాల మీద ఉన్నాయి, రైతు కొట్టం మీద లేవు. పైగా బయటికి వెళ్ళే పశువుల గురించి ఆ చట్టంలో ఒక్క మాట లేదు!

అసలు గొడవంతా బయటికి వెళ్ళేవాటితోనే. ఇక్కడి నుంచి నాకు పిచ్చెక్కింది.

1887లో ఇటలీ సైన్యం ఎర్ర సముద్రం ఒడ్డున మసావాలో దిగి ఉంది. వాళ్ళ తిండికీ బరువులకీ తెచ్చిన పశువులతో ముసర రోగం సహారాకి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో అడుగుపెట్టింది. ఆ పశువులు మన దేశానివే అని ఎక్కువమంది చరిత్రకారులు రాస్తారు. అంతకుముందు అక్కడి మందలకి ఆ రోగం అలవాటే లేదు. ఇథియోపియాలో పదింట తొమ్మిది పశువులు పోయాయంటారు. దున్నడానికి ఎద్దు లేక కరువు, కరువుతో జనం. అక్కడి నుంచి దిగుతూ దిగుతూ 1896కి జాంబెజీ నది దాటింది. దక్షిణాఫ్రికా కొనన కేప్‌లో తెల్లదొరలు ముళ్ళ కంచెలు వేశారు, కాపలా పెట్టారు, ఆగలేదు. క్షయ సూక్ష్మజీవిని కనిపెట్టిన రాబర్ట్ కోచ్ అంతటివాడిని అక్కడి కింబర్లీకి పిలిపించుకున్నారు.

తర్వాత సుర్రా, జోరీగలు మోసే రక్తపు రోగం. 1906లో టెక్సస్ పశువుల కామందులు మన మూపురం ఎద్దుల్ని కొని ఓడెక్కించారు, 51 తలలు. న్యూయార్క్ దగ్గర సైమన్సన్ దీవిలో క్వారంటైన్‌లో పెడితే రక్తంలో సుర్రా పురుగు కనిపించింది. 33 మాత్రమే టెక్సస్ చేరాయి. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో పోర్ట్ హెడ్‌లాండ్‌లో మన దేశం నుంచి వెళ్ళిన ఒంటెల్లో అదే సుర్రా. వాటిని చంపేశారు, రోగం అక్కడితో ఆగింది.

ఇప్పుడు విను, దీనికోసమే ఇంత రాశాను.

1920. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయి ఇంకా రెండేళ్ళు కాలేదు. బ్రెజిల్ వాళ్ళు మన గిర్, కాంక్రేజ్, ఒంగోలు పశువుల కోసం వెర్రెత్తి ఉన్నారు. అలా ఒక మంద ఇక్కడ ఓడెక్కింది. బ్రెజిల్ వెళ్ళడానికి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో ఓడ మారాలి. కాసేపు దించారు. చూస్తే నిగనిగలాడుతూ ఉన్నాయి, ఎవరికీ అనుమానం రాలేదు. అదే చోటికి అమెరికా నుంచి పశువులు వచ్చాయి. మనవి తమ ఓడెక్కి బ్రెజిల్ దారి పట్టాయి. అమెరికావి బెల్జియంలోని సంతలకీ కబేళాలకీ వెళ్ళాయి. కొన్నాళ్ళకి ఒకచోట మంద పడిపోయింది, తర్వాత ఇంకోచోట. ముసర రోగం! పశ్చిమ యూరప్ మర్చిపోయిన రోగం. యుద్ధంలో చితికిపోయిన దేశానికి ఇది పై నుంచి ఇంకో దెబ్బ.

మనవాటికి ఏమీ కాలేదేంటి అంటావు. అక్కడే ఉంది కిటుకు. తరతరాలుగా ఆ రోగంతో కలిసి బతికిన మైదానపు మూపురం పశువుల్లో అది తేలిగ్గా పోతుంది, కాస్త జ్వరం, కాస్త పారుడు, మేత మానకపోవచ్చు కూడా. యూరప్ ఆవుకి అదే రోగం యముడు. సుర్రా కూడా అంతే కదా, ఎద్దులో కిమ్మనకుండా ఉంటుంది, జోరీగ కుట్టి గుర్రానికి చేరిస్తే గుర్రం పోతుంది. అన్ని రోజులు ఓడలో ఉన్నాక కూడా రోగం ఎలా మిగిలింది అని నేనూ ఆలోచించాను. ఒకేసారి అన్నిటికీ వస్తే దారిలోనే తీరిపోయేది. ఒకదాని నుంచి ఒకదానికి మెల్లగా పాకితే, రేవు చేరేసరికి ఏదో ఒకటి మోస్తూనే ఉంటుంది. కంటితో చూసి పంపే తనిఖీకి ఇది దొరకదురా, కొన్నాళ్ళు విడిగా కట్టేసి ఉంచాల్సిందే. మన పని మొత్తం ఆ కొన్నాళ్ళ మీదే ఆధారపడి ఉంది.

ఇంకా ఉంది. ఆ బెల్జియం దెబ్బకి దేశాలన్నీ బెదిరిపోయి 1921లో పారిస్‌లో కూర్చున్నాయి. 1924 జనవరి 25న 28 దేశాలు సంతకాలు పెట్టి పశువుల రోగాల మీద ఒక అంతర్జాతీయ కార్యాలయం పెట్టుకున్నాయి. ఓఐఈ! మన పుస్తకాల్లో ప్రతి పేజీలో కనబడిన ఓఐఈ! (2022 నుంచి దాన్ని డబ్ల్యూఓఏహెచ్ అంటున్నారు.) ఐక్యరాజ్యసమితి కంటే పెద్దది వయసులో. ఇవాళ ఏ దేశం నుంచి పశువు కదలాలన్నా ఏ రోగానికి ఏ పరీక్ష, ఎన్నాళ్ళు విడిగా ఉంచాలి అని ప్రమాణాలు పెట్టేది వాళ్ళే. దాని పుట్టుకకి కారణం, రేవులో కాసేపు దిగిన మన దేశపు పశువులు. ఏ మాస్టారైనా ఇది చెప్పాడా మనకి? తేదీ బట్టీ పట్టించారు, అంతే.

ఆంట్‌వెర్ప్ కథ మామకి చెప్పాను. మొత్తం విని మీసం మీద చెయ్యేసి, "చూశావా, మన ఎద్దులకి ఏమీ కాలేదు" అన్నాడు. ఆయనకి అర్థమైంది అదొక్కటే! బెల్జియం ఆవులు ఏమైపోతే ఆయనకేం.

బ్రెజిల్‌కీ తగిలిందిలే. 1921లో సావో పాలోలో ముసర రోగం బయటపడింది, మన పశువుల దిగుమతి ఆపేశారు. అయినా వాళ్ళ ప్రేమ చావలేదు. ఇప్పుడు వాళ్ళ మందల్లో ఎక్కువ భాగం మన రక్తమే. ఆ రక్తం వెనక్కి రావాలంటే 1898 చట్టం ముందు నిలబడాలి! మామ దీన్ని అన్యాయం అంటాడు. నేననను. ఈ కథలన్నీ చదివాక, అర్ధరూపాయి స్టాంపంత పర్మిట్ కోసం ఆరునెలలు తిప్పినా నోరెత్తను. (తిప్పితే ఎత్తుతాననుకో.)

ఒక్కటి మాత్రం మనసులో ఇరుక్కుంది. మన పక్క ముసర రోగం చివరిసారి 1995లో, తమిళనాడులో. 2006లో మన దేశానికి రోగం లేదని గుర్తింపు వచ్చింది, 2011లో ప్రపంచం మొత్తం మీద పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచేసిన రోగం అదొక్కటే. మనం సర్వీసులో చేరిన కొత్తల్లో పెద్ద కాంపౌండర్ గారు టీకాల కబుర్లు చెబుతుంటే ఆవులిస్తూ విన్నాం గుర్తుందా? ఎంత ఎండలో ఎన్ని ఊళ్ళు తిరిగాడో ఆ మనిషి. ఇప్పుడుంటే ఎదురుగా కూర్చుని మొత్తం అడిగేవాణ్ణి, ఏ ఊళ్ళో ఎవరు గేటు వేసుకున్నారు, ఎవరు గేదెని పొలంలో దాచారు...

సరే. మామ పని ఏమైందంటే, ఇంకా ఏమీ కాలేదు. ఫారాలు తెచ్చాను, ఆయన కళ్ళజోడు వెతుకుతున్నాడు.

ఇంకో ముఖ్యమైన ముక్క. 1960లలో బ్రెజిల్ వాళ్ళు మళ్ళీ పశువుల్ని తీసుకెళ్ళినప్పుడు, ఈసారి తిన్నగా ఒడ్డుకి కాదు, ఫెర్నాండో ద నొరోన్యా అని సముద్రం మధ్యలో ఒక దీవి, అక్కడ నెలల తరబడి ఉంచారు. వాటిలో ఒక గిత్త పేరు కరవది! మన ఒంగోలు పక్క కరవదే! సైకిళ్ళ మీద వెళ్ళి చెరువు గట్టున నువ్వు ఆ నిర్వాకం చేశావే, ఆ కరవది. ఆ దీవిలో దాని సంగతి

బావమరిది బయట హారన్ మోగిస్తున్నాడు, వాడి చేతికే ఈ కవరు ఇవ్వాలి, రైలుకి టైమైపోయింది. చెల్లెమ్మని అడిగానని చెప్పు. పిల్లలకి

నీ
వాసు