అలిపిరి మెట్ల మీద కనిపించింది చిరుత పిల్ల కాదు, పునుగు పిల్లి

సంపాదకులు గారికి,

అయ్యా,

కొన్నాళ్ల కిందట మీ జిల్లా పేజీలో ‘నడకదారిలో వింత జంతువు కలకలం’ అని పెద్ద అక్షరాలతో వార్త వేశారు. మర్నాడో ఆ మర్నాడో సవరణ వస్తుందని చూశాను. రాలేదు. పైగా మొన్న ఆదివారం అదే ఫొటో మళ్లీ వేసి ‘చిరుత పిల్లేనా?’ అని మమ్మల్నే అడిగారు. అడిగారు కాబట్టి చెబుతున్నాను. కాదు.

ఆ సాయంత్రం ఆ మెట్ల మీద నేనూ ఉన్నాను. చీకటి పడ్డాక, దుకాణాల వెనక చెత్త పోసే వైపు నుంచి వచ్చి, మెట్లకు అడ్డం పడి అవతలి పొదల్లోకి పోయింది. రెప్పపాటు కంటే కాస్త ఎక్కువ కనిపించిందేమో, అంతే. కానీ లైటు కిందనుంచే పోవడంతో చూడాల్సినవన్నీ కనబడ్డాయి. పొట్టి కాళ్లు, ముందుకు సాగిన కోసు మూతి, బూడిద రంగు ఒళ్లు, వీపు పొడుగునా నల్లటి చారలు, పక్కల మీద వరసగా చిన్న చుక్కలు. అన్నిటికన్నా ముఖ్యం తోక. మొదలు నుంచి చివరిదాకా నల్లటి చుట్లు. మీ ఫొటో ఎంత మసకగా ఉన్నా తోక మాత్రం బాగానే పడింది. దాన్ని చూశాక కూడా ‘ఇంతవరకు ఎవరూ చూడని జంతువు’ అని రాయడానికి మీ విలేకరికి చేయెలా వచ్చిందో! అది పునుగు పిల్లి.

చిరుత పిల్లయితే మొహం గుండ్రంగా ఉంటుంది, మచ్చలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. పైగా పిల్ల ఒంటరిగా చెత్తలో ఎలుకలు వెతుక్కుంటూ తిరగదు, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. అడవి పిల్లికి కాళ్లు పొడుగు, ఒంటి మీద చుక్కలుండవు. మానుపిల్లికి తోక నల్లగా ఉంటుంది, చుట్లుండవు. ఈమాత్రం చెప్పడానికి డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ నుంచి శాస్త్రవేత్తలు దిగిరానక్కర్లేదు.

ఇంకెక్కడో అయితే పోనీలే అనుకునేవాణ్ణి. తిరుమల కొండ మీద పునుగు పిల్లిని గుర్తుపట్టలేకపోవడమేమిటండీ? శుక్రవారం అభిషేకం అయ్యాక మూలమూర్తికి పూసేది పునుగు తైలం. ఆ పునుగు వచ్చేది ఈ జంతువు తోక కింది గ్రంథి నుంచే. పెంచే చోట గంధపు కర్ర పాతిపెడితే, అది వచ్చి ఒళ్లు రుద్దుకున్నప్పుడు అంటుకున్న జిగురును గీకి తీస్తారు. ఆ పరిమళం గర్భగుడిలోకి వెళ్లవచ్చు గానీ, ఆ జంతువు మెట్ల మీదికి వస్తే మాత్రం ‘వింత’. స్వామి సేవలో ఇన్ని వందల ఏళ్లున్న ప్రాణికి మనమిచ్చిన గుర్తింపు ఇది!

మీ వార్తలో ఒక అధికారి మాట కూడా వేశారు. ‘పిల్లి జాతికి చెందిన జంతువు కావచ్చు, ఫొటోను నిపుణులకు పంపాం, భక్తులు ఆందోళన చెందవద్దు.’ ఇందులో మూడో ముక్క వరద వచ్చినా, కరెంటు పోయినా, ఏం జరిగినా తయారుగా ఉండేదే. మొదటి ముక్క తప్పు. పునుగు పిల్లి పిల్లుల కుటుంబంలోది కాదు, ముంగిసకు దగ్గర చుట్టం. రెండోది నిజమే అయితే ఆ నిపుణుల జవాబు ఇంకా దారిలోనే ఉన్నట్టుంది. ఉండబట్టలేక నేనూ ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. ఒకరి నుంచి ఒకరికి తిప్పి, చివరికి ఒకాయన “మీరు ఏ డిపార్ట్‌మెంట్ సార్?” అన్నాడు. ఏ డిపార్ట్‌మెంటూ కాదు, కొండకు నడిచేవాణ్ణి అన్నాను. లైను కట్ అయింది.

భయపడినవాళ్లను నేనేమీ అనడం లేదు. 2023 ఆగస్టులో ఇదే దారిలో, నరసింహస్వామి గుడి దగ్గర, ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. అంతకు రెండు నెలల ముందే ఒక బాబును లాక్కుపోబోయింది. ఆ తర్వాతే నడిచేవాళ్ల చేతికి కర్రలివ్వడం, మధ్యాహ్నం దాటాక పిల్లల్ని నడకదారిలోకి వదలకపోవడం, బోనులు పెట్టడం, కెమెరాలు బిగించడం. ఇవన్నీ కావాల్సినవే. చిరుత ఉన్న అడవి కాబట్టే ఏది చిరుతో, ఏది కాదో తెలియాలి. ఆ సాయంత్రం ఎవరో “చిరుత!” అని అరవగానే జనం మెట్ల మీద కిందికి పరుగు తీశారు. ఒక పెద్దావిడ జారి పడి మోకాలు కొట్టుకుంది. ఒక కుర్రాడు చేతిలో కర్రను ఆ మూగజీవి మీదికి విసిరాడు. తగల్లేదు, అదృష్టం. మీరు ఇలాంటి వార్తలు నెలకొకటి వేస్తూ పోతే, నిజంగా చిరుత వచ్చిన రోజున “మళ్లీ పిల్లేలే” అని దుకాణాల వాళ్లు కుర్చీల్లోంచి లేవరు.

మీ ఒక్క పత్రికనే అనడం న్యాయం కాదేమో. 2017లో విశాఖపట్నంలో గుడ్లగూబ పిల్లలు కనబడితే గ్రహాంతరవాసులని వీడియోలు ఊరంతా తిప్పారు. ఒంటినిండా పొలుసులుండే అలుగు కనబడినా వింత జంతువే, కోతుల జాతికి చెందిన చిన్న దేవాంగపిల్లి కనబడినా వింత జంతువే. చుట్టూ జనం మూగి, తాడు కట్టి, సెల్ఫీలు దిగిన ఫొటో, కింద ఊరి పేరు. అలుగును పొలుసుల కోసం, దేవాంగపిల్లిని క్షుద్రపూజల కోసం పట్టుకునేవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లకు అడ్రసు వెతుక్కునే శ్రమ కూడా లేకుండా చేస్తున్నాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటుందని, వీటిని తాడు కట్టి ఆడించడం నేరమని ఆ వార్తల్లో ఒక్క లైను కనబడదు.

ఒకప్పుడు ఇలాంటి ఫొటో వస్తే అచ్చుకు పోయేముందు ఎవరో ఒకరు జువాలజీ లెక్చరర్‌కు చూపించేవాళ్లు. ఎస్వీ యూనివర్సిటీ ఊళ్లోనే ఉంది కదా, ఆటో ఎక్కితే అయిపోయే పని. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చింది వచ్చినట్టు పేజీలోకి ఎక్కుతోంది. ఈ తిరుమల కొండలున్న శేషాచలం అడవి 2010లో బయోస్ఫియర్ రిజర్వ్, అంటే జీవజాలాన్ని కాపాడే ప్రాంతం, అయిందని అందరం గొప్పగా చెప్పుకుంటాం. అందులో ఏమేం ఉన్నాయో మెట్లెక్కే మనిషికి చెప్పే ఓపిక ఎవరికీ లేదు. ‘చిరుతలున్నాయి జాగ్రత్త’ అన్న బోర్డు పక్కనే పునుగు పిల్లిది, దేవాంగపిల్లిది, రేచుకుక్కది ఒక్కో బొమ్మ, కింద రెండేసి లైన్లు పెడితే ఎంత ఖర్చవుతుంది? దానికి కూడా టెండర్లు, కమిటీ, అధ్యయనం కావాలంటే ఇక నేనేం చెప్పను.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే అదే జిల్లా పేజీలో, అంత పెద్ద అక్షరాలతోనే వేయండి. పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటనల కింద మూడు లైన్లలో ఇరికించి చేతులు దులుపుకోవద్దు. పునుగు పిల్లి ఫొటో పక్కనే చిరుత పిల్ల ఫొటో కూడా వేయండి. ఈసారి మసకలేనివి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి