మందు వాడనివాళ్ల అంకె కూడా వేయండి

సంపాదకులకు,

గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు వచ్చే కణాల మార్పులకు కొత్త మందు వచ్చిందనీ, వాడినవాళ్లలో ఇంత శాతం మందికి నయమైందనీ వార్తలు వస్తుంటాయి. వాడనివాళ్లలో ఎంతమందికి తగ్గిందో మాత్రం చాలా వార్తల్లో కనబడదు. ఈ విషయంలో ఆ రెండో అంకె లేకుండా మొదటిదానికి విలువ లేదు.

ఈ మార్పులను తీవ్రతను బట్టి సీఐఎన్‌-1, 2, 3 అంటారు. సీఐఎన్‌-2ను ఏమీ చేయకుండా గమనిస్తూ ఉంటే రెండేళ్లలో దాదాపు సగం మందికి దానంతటదే తగ్గుతుంది. 30 ఏళ్లలోపు వారిలో ఇంకా ఎక్కువ మందికే తగ్గుతుంది. సీఐఎన్‌-3 అలాంటిది కాదు. సరైన చికిత్స అందని వారిలో 30 ఏళ్లలో దాదాపు మూడోవంతు మందికి క్యాన్సర్‌ వచ్చినట్లు న్యూజిలాండ్‌ అధ్యయనంలో తేలింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టిన శాతం చూస్తే మందు గొప్పదో, రోగులకు వచ్చిన మార్పులే తేలికవో చెప్పలేం. పైగా ఈ మార్పులు వచ్చిన మచ్చ చిన్నదైతే పరీక్షకు తీసిన బయాప్సీ ముక్కతోనే పోవచ్చు. ఆ ఘనత మందు ఖాతాలో పడుతుంది!

రోగనిరోధక శక్తిని ప్రేరేపించే ఇమిక్విమోడ్‌ మందు బిళ్లలను 16 వారాలు యోనిలో పెట్టుకున్నవాళ్లలో 73 శాతం మందికి మార్పులు తగ్గాయి. ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి బిళ్ల, తీసుకున్నవాళ్లలోనూ 39 శాతం మందికి తగ్గాయి. వీజీఎక్స్‌-3100 అనే, చికిత్స కోసం తయారుచేసిన డీఎన్‌ఏ టీకాను కండరంలోకి ఎక్కించి, అక్కడే విద్యుత్‌ పల్స్‌ ఇస్తారు. రెండో దశ ట్రయల్‌లో దాని ఫలితం 49.5 శాతం, ప్లాసిబోది 30.6. మూడో దశలోని రెండో ట్రయల్‌లో, మందు పనిచేసే అవకాశాన్ని సూచించే బయోమార్కర్‌తో ముందుగా ఎంచుకున్నవాళ్లలో కూడా అది అనుకున్న లక్ష్యాన్ని అందుకోలేదు. మలేరియా మందు ఆర్టిసునేట్‌ను యోనిలో వాడిన తొలి దశ ట్రయల్‌లో 28 మందిలో 19 మందికి తగ్గింది. ఆశ కలిగించే ఫలితమే, కానీ అందులో ప్లాసిబో వర్గమే లేదు.

మందు తయారీ ఎందుకింత కష్టం? ఈ మార్పులకు కారణమైన హెచ్‌పీవీ వైరస్‌కు సొంత డీఎన్‌ఏ పాలిమరేజ్‌ (డీఎన్‌ఏకు నకలు తీసే ఎంజైము) లేదు, మన కణానిదే వాడుకుంటుంది. కాబట్టి హెర్పిస్‌కు పనిచేసే ఎసైక్లోవిర్‌ లాంటి మందులకు ఇక్కడ పట్టు దొరకదు. కణాన్ని దారి తప్పించేవి వైరస్‌ తయారుచేసే ఈ6, ఈ7 ప్రొటీన్లు. కణం అదుపు తప్పకుండా కాపాడే మన ప్రొటీన్లలో పీ53ని మొదటిది, ఆర్‌బీని రెండోది దెబ్బతీస్తుంది. ఈ6, ఈ7 ఎంజైములు కావు, అందుకే మందు అతుక్కునేందుకు అనువైన చోటు వాటిలో దొరకడం కష్టం. ఇక పూత మందులకు ఉన్న చిక్కు లోతు. మార్పులు గ్రంథుల గుంతల్లోకి కొన్ని మిల్లీమీటర్ల దాకా దిగుతాయి. పైపొర శుభ్రంగా కనిపిస్తున్నా అడుగున మిగిలి ఉండవచ్చు.

అయినా మందు అవసరమే. లీప్‌ పద్ధతిలో, అంటే కరెంటు పారే సన్నని తీగ ఉచ్చుతో, మచ్చను కోసి తీసేస్తే సుమారు పదిమందిలో తొమ్మిదిమందికి నయమవుతుంది, కానీ ఎంత లోతుగా కోస్తే తర్వాతి గర్భాల్లో నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు అంత పెరుగుతుంది. పిల్లలు కావాలనుకునే వయసులో ఇది చిన్న విషయం కాదు.

ఇలాంటి వార్త చదివి క్రీమ్‌ కొని సొంతంగా వాడేవాళ్లుంటారన్నదే మా భయం. క్యాన్సర్‌ మందైన ఫ్లోరోయురాసిల్‌ 5 శాతం క్రీమ్‌ను సీఐఎన్‌-2 ఉన్న యువతుల మీద పరీక్షించినప్పుడు రెండు వారాలకు ఒక్కసారి, 2 గ్రాములు మాత్రమే, 16 వారాలు వాడారు. ఆరు నెలలకు 93 శాతం మందికి తగ్గింది, మందు ఇవ్వకుండా గమనిస్తూ ఉన్న వర్గంలో 56 శాతం మందికి తగ్గింది. త్వరగా తగ్గాలని దాన్నే రోజూ రాస్తే యోనిలో పుండ్లు పడతాయి. గర్భంలోని బిడ్డకూ హాని, కాబట్టి వాడినన్నాళ్లూ గర్భనిరోధం తప్పనిసరి. ముఖద్వారం లోపలి కాలువలోకి మచ్చ వెళ్లినా, క్యాన్సర్‌ అనుమానం ఉన్నా ఈ దారి అసలు పనికిరాదు. హెచ్‌పీవీ రాకుండా వేసే టీకా కూడా ఇప్పటికే ఉన్న మచ్చను మాన్పదు.

ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు ప్లాసిబో వర్గం ఫలితం, సీఐఎన్‌-2, 3లకు వేర్వేరు అంకెలు, వైరస్‌ కూడా పోయిందా లేదా, ఎన్ని నెలలకు పరీక్షించారు అన్నవి అడిగి వేయండి. అవి మందు గురించి మీకు వచ్చిన ప్రకటనలో లేకపోతే ఆ మాటే రాయండి.

— కాల్పోస్కోపీ (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దది చేసి చూసే పరీక్ష) క్లినిక్‌లో పనిచేసే వైద్యులు