సిబిల్లా వేరు, పిథియా వేరు

సంపాదకుడు గారికి,

సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల మర్నాడు మాతంగి భవిష్యవాణి చెప్పే రంగం గురించి రాసేటప్పుడు కొందరు గ్రీకు, రోమన్ పోలికలు తెస్తుంటారు. తేవచ్చు. కానీ భవిష్యత్తు చెప్పే ప్రతి స్త్రీనీ ‘సిబిల్’, అంటే పాత గ్రీకు, రోమన్ గాథల్లోని జోస్యకత్తె సిబిల్లా, అనేయడం సరికాదు.

క్రీ.పూ. 500 ప్రాంతపు గ్రీకు తత్వవేత్త హెరాక్లిటస్ మాటల్లో కనిపించేది ఒకే ఒక్క సిబిల్లా. ఆ తర్వాత ఊరికొకరు వెలిశారు. క్రీ.పూ. మొదటి శతాబ్దపు రోమన్ పండితుడు వర్రో పదిమందిని లెక్కించాడు. గ్రీకులో ‘సియోస్’ అంటే దేవుడు, ‘బూలే’ అంటే ఆలోచన, రెండూ కలిసి ఈ మాట పుట్టిందని కూడా ఆయనే చెప్పాడు. ఈ వ్యుత్పత్తినే ఇప్పటికీ నిజమన్నట్టు రాస్తున్నారు. భాషావేత్తలు దాన్ని ఒప్పుకోరు. మాట మూలం ఇంకా తేలలేదు.

గ్రీసులోని డెల్ఫీలో, అపోలో దేవుడి గుడిలో ముక్కాలిపీట ఎక్కి పలికినామె పిథియా. అదొక పదవి, ఒకరు పోతే మరొకరు వస్తారు. చలికాలం మూడు నెలలు తప్ప నెలకొక రోజున, అడిగినవారికే జవాబు. ఆమె నోట ‘నేను’ అని పలికేది దేవుడు. సిబిల్లా అలా కాదు. ఎవరూ అడగకపోయినా చెబుతుంది, తన గొంతుతోనే చెబుతుంది. పచ్చికుండ మీద నిలబడి, వానల గురించి, పంటల గురించి అడిగితే అమ్మవారి మాటగా బదులిచ్చే మాతంగికి దగ్గరి పోలిక పిథియాయే. వర్రో జాబితాలో ‘డెల్ఫీ సిబిల్లా’ అని ఒకామె ఉండటం, వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద మైకెలాంజెలో ఆమెను చిత్రించడం వల్ల ఈ తికమక ముదిరింది.

సిబిల్లా వాక్కులని నమ్మి రోమన్లు దాచుకున్న సిబిల్లా గ్రంథాలను జోస్యాల పుస్తకాలనడం ఇంకా పెద్ద పొరపాటు. మహమ్మారో, అపశకునమో వచ్చినప్పుడు సెనేట్ ఆజ్ఞ ఇస్తేనే వాటిని తెరిచేవారు. అందులో వెతికేది ఏం జరగబోతుందని కాదు, ఏ శాంతి చేయాలని. క్రీ.పూ. 293లో మహమ్మారి వచ్చినప్పుడు గ్రీసులోని ఎపిడారస్ నుంచి వైద్యదేవుడు ఎస్కులాపియస్‌ను తెచ్చుకోవాలని వాటిలోనే చూశారు. క్రీ.పూ. 83లో జూపిటర్ గుడితో పాటే అవి కాలిపోయాయి. మళ్లీ ఊరూరా సేకరించి కూర్చిన గ్రంథాలూ మిగల్లేదు. ‘సిబిల్లా వాక్కులు’ పేరుతో నేడు దొరికే సంపుటాలు యూదులు, క్రైస్తవులు రాసినవి. వాటిలోని పాదాలను రోమన్ల గ్రంథాలకు అంటగట్టకూడదు.

ఇంకొక్క విన్నపం. ‘సిబిల్’ అని అచ్చేస్తే మన పాఠకుడికి తోచేది బ్యాంకు రుణాల స్కోరు. కాబట్టి ‘సిబిల్లా’ అని పూర్తిగా రాయించండి. రంగం వార్తల్లో మాతంగి, భవిష్యవాణి అన్న మన మాటలనే ఉంచండి.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్