వెన్ను డిస్కుకూ ధర కట్టండి

జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఛైర్మన్ గారికి,

నమస్కారమండీ. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఆటో నడుపుతాడు. మెడలో 5, 6 పూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్క్ పాడైంది. కుడి చెయ్యి తిమ్మిరెక్కి హ్యాండిల్ పట్టు జారిపోతోంది. ఫ్యూజన్ అనే ఆపరేషన్ చేస్తే ఆ రెండు పూసలూ అతుక్కుపోయి అక్కడ కదలిక ఉండదు, పక్క డిస్కుల మీద భారం పడుతుంది. కృత్రిమ డిస్క్ పెడితే కదలిక నిలుస్తుంది. ఎముకలు గుల్లబారినవాళ్లకు ఇది పనికిరాదు గానీ, వాడికి సరిపోతుందన్నారు డాక్టర్.

ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్‌లో మాత్రం "ఇంప్లాంట్" అని ఒక్క మాట, పక్కన లక్షల్లో అంకె. ఏ కంపెనీదో, ఏ మోడలో లేదు. అడిగితే ఆపరేషన్ అయ్యాక బిల్లులో వస్తుందన్నారు. అప్పు చేసి కట్టేవాళ్లకు ముందే తెలియొద్దా?

2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు, ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర కట్టింది మీ సంస్థే. ఆ మేలు మరిచిపోలేం. మరి వెన్ను డిస్క్ ఏం పాపం చేసింది? అమెరికాలో నడుము డిస్కుకు 2004లో, మెడ డిస్కుకు 2007లో అనుమతి వచ్చింది. ఇదేం కొత్త వింత కాదు.

దయచేసి దీనికీ గరిష్ఠ ధర ప్రకటించండి. ఈలోగా కంపెనీ, మోడల్, ధర ఎస్టిమేట్‌లోనే విడిగా రాయాలని ఆసుపత్రులను ఆదేశించండి.

ఇట్లు,
ఒక అక్క